మిఠాయి డబ్బాకు వద్దన్న ఫిల్ము, మిర్చికి ఎందుకు?

థర్మాకోల్ పళ్లెంలో రెండు బెంగళూరు మిర్చిలు, వాటి మీద బిగించి చుట్టిన ప్లాస్టిక్ ఫిల్ము. నగరంలో ఏ సూపర్ మార్కెట్‌కు వెళ్లినా కనిపించే సరుకే ఇది. కూరకు ఒక్కటి చాలనుకున్నా రెండూ కొనాల్సిందే. అడుగు వైపు మెత్తబడిందేమో నొక్కి చూసే వీలూ లేదు. అదే తోపుడు బండి దగ్గరైతే తొడిమ చూసి, నచ్చనిది పక్కన పెట్టి, పోతూపోతూ రెండు కరివేపాకు రెబ్బలు కొసరు అడిగి మరీ తెచ్చుకుంటారు.

కేంద్రం 2022 జూలై 1 నుంచి నిషేధించిన వస్తువుల్లో మిఠాయి డబ్బాలకు, ఆహ్వాన పత్రికలకు, సిగరెట్ పెట్టెలకు చుట్టే ఫిల్ము కూడా ఉంది. కూరగాయలకు చుట్టేదాని ఊసు మాత్రం ఆ జాబితాలో లేదు. అట్టపెట్టెలో భద్రంగా ఉన్న లడ్డూకే అక్కర్లేనిది, పుట్టుకతోనే తొక్క ఉన్న దోసకాయకు ఎందుకో మరి!

తాజాగా ఉంటాయనేది దుకాణాల వాదన. బ్రిటన్‌లో వ్యర్థాల తగ్గింపు కోసం పనిచేసే ర్యాప్ సంస్థ ఆపిల్, అరటి, బ్రకోలీ, దోస, బంగాళాదుంపల మీద 18 నెలలు పరిశీలన చేసి 2022లో నివేదిక ఇచ్చింది. ప్యాకింగ్ వల్ల వాటి ఆయుష్షు చెప్పుకోదగ్గంతగా పెరగలేదని తేలింది. పైగా ప్యాకెట్టు పేరుతో అవసరానికి మించి కొనిపించడం వల్లే వృథా ఎక్కువవుతోందట. ఈ అయిదింటినీ విడిగా, గడువు తేదీ వేయకుండా అమ్మితే ఆ దేశంలో ఏటా సుమారు లక్ష టన్నుల ఆహారం, 10,300 టన్నుల ప్లాస్టిక్ మిగులుతాయని లెక్కగట్టారు.

విడిగా పోసి అమ్మే చోటా చిక్కు తప్పడం లేదు. సొరకాయను సైతం కవర్లో దూర్చి ఇస్తారు. తూకం దగ్గర వచ్చే ధర స్టిక్కరు అంటించడానికి ఏదో ఒకటి ఉండాలి కదా! ఆ స్టిక్కరేదో కాయ మీదే అంటించవచ్చు. చిక్కుడు, బెండ లాంటివాటికైతే కొనేవాళ్లు తెచ్చుకున్న గుడ్డసంచి మీద అంటిస్తే సరిపోతుంది.

1999లో మొదలైన రైతు బజార్లలో సరుకు గోనెల్లో, క్రేట్లలో వచ్చి, కుప్పల్లోంచి తక్కెడలోకి, అక్కణ్నుంచి నేరుగా సంచిలోకి వెళ్లేది. అడుగున దుంపలు, ఉల్లి, వాటిపైన వంకాయలు, ఆపైన టమాటా, అన్నిటికన్నా పైన ఆకుకూర. ఇలా సర్దుకోవడం తెలిస్తే ఏదీ నలగదు. ఇప్పుడు అక్కడా పావు కిలో పచ్చిమిర్చికి ఓ పల్చటి కవరు. 2022 డిసెంబరు 31 నుంచి క్యారీబ్యాగు కనీసం 120 మైక్రాన్ల మందం ఉండాలన్నది నిబంధన. అయినా ఈ పల్చటివి ఆగలేదు. కవరు లేదంటే కొనేవాళ్లు పక్క గంపకు పోతారని అమ్మేవాళ్ల భయం. తనిఖీకి వచ్చినవాళ్లు గోంగూర కట్టలు అమ్ముకునే ముసలమ్మకు జరిమానా రాస్తే ఏం లాభం? ఆ కవర్లు తయారయ్యే చోటికి వెళ్లాలి గానీ.

జాబితాలో మిఠాయి డబ్బాల పక్కన పండ్లు, కూరగాయల పేరూ చేర్చాలి. పుట్టగొడుగులు, స్ట్రాబెర్రీల వంటి సున్నితమైన వాటికి మినహాయింపు ఇవ్వవచ్చు. 2022లో పండ్లు, కూరగాయల ప్లాస్టిక్ ప్యాకింగ్‌పై నిషేధం మొదలుపెట్టిన ఫ్రాన్స్ కూడా త్వరగా పాడయ్యే పండ్లకు అలాంటి వెసులుబాటే ఇచ్చింది.