పంచె కడితే తప్పా?

ఆఫీసుకు శుభ్రంగా రమ్మనడం న్యాయమే. నలిగిన చొక్కా, ఊడిన గుండీ, మురికి కాలరు ఎవరికీ అందం కాదు. కానీ పంచె కట్టడమే తప్పంటే ఎలా?

2014లో చెన్నైలో పంచె కట్టుకొచ్చిన హైకోర్టు జడ్జిగారినే ఒక క్రికెట్ క్లబ్బులోకి రానివ్వలేదు. అదే ఏడాది తమిళనాడు ప్రభుత్వం అలా అడ్డుకోవడం నేరమని చట్టం తెచ్చింది. 2019లో సచివాలయ ఉద్యోగుల దుస్తుల ఉత్తర్వులోనూ పంచెకు చోటిచ్చారు. సచివాలయానికి పనికొచ్చిన పంచె ప్రైవేటు ఆఫీసుకు పనికిరాదా?

"వచ్చేవాళ్లు ఏమనుకుంటారు?" అంటారు కొందరు. ఆ వచ్చేవాళ్లలోనే ఎంతమంది పెద్దలు పంచెతో వస్తున్నారో చూడండి!

రేపు మనమూ ఉద్యోగాలకు పోతాం. రూల్సు రాసేవాళ్లు ఉతుకు చూడాలి, ఇస్త్రీ చూడాలి. మన తాతల బట్టను తప్పుల లెక్కలో వేయకూడదు.