తల్లిని చూపించని బేరం

మా ఆమడగూరు రైతు ఎద్దును కొనదలిస్తే ముందుగా నోరు తెరిపించి పళ్ళు చూస్తాడు. సుడులు వెదుకుతాడు. నాలుగడుగులు నడిపిస్తాడు, గిట్టలు తడుముతాడు, అమ్మేవాడి ఊరూ పేరూ ఆరా తీస్తాడు. అప్పటికీ తృప్తి కలుగకపోతే తువ్వాలు దులుపుకొని మరో సంతకు పోతాడు. ఆ రైతు కొడుకే నేడు బెంగళూరులో ముఖమెరుగని మనిషి ఫోనులో పంపిన ఒక్క ఫోటో చూసి పాతికవేలు పంపించి, బస్సు సామాను అరలో వచ్చే కుక్కపిల్ల కోసం కదిరిలో ఎదురు చూస్తాడు. "తల్లిని చూసి పిల్లను, పాడిని చూసి బర్రెను" అన్న సామెత పుట్టిన భాష మనది. కుక్క దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ సామెత ఎవరికీ గుర్తుండదు.

ఈ టపా వ్రాసే అర్హత నాకున్నదని అనుకోను. నేనూ ఆ తప్పు చేసినవాడినే. 2019 వేసవిలో లాబ్రడార్ పిల్లను తెచ్చాను. అమ్మినవాడు "నలభై రోజుల పిల్ల సార్, సూదులన్నీ అయిపోయినాయి" అన్నాడు. ఆ ఒక్క వాక్యంలోనే అబద్ధం ఉన్నదని అప్పుడు నాకు తెలియదు. పార్వో వ్యాధికి టీకా ఆరు నుండి ఎనిమిది వారాల వయసులో మొదలవుతుంది. తల్లిపాల నుండి సంక్రమించిన రక్షణ పిల్ల ఒంట్లో ఉన్నంతకాలం టీకా సరిగా పట్టదు. ఆ రక్షణ ఏ పిల్లలో ఏనాటికి తగ్గుతుందో చెప్పలేరు గనుక, పదహారు వారాల దాకా మూడు నాలుగు వారాలకొకసారి మళ్ళీ మళ్ళీ వేయవలసి ఉంటుంది. రేబిస్ టీకా మూడు నెలలు నిండిన తరువాతి మాట. నలభై రోజులకే "అన్నీ అయిపోవడం" ప్రకృతిలోనే సాధ్యం కాదు. ఐదవ నాడు రక్తవిరేచనాలు పట్టుకున్నాయి. తొమ్మిదవ నాడు పెరటి వేపచెట్టు క్రింద గొయ్యి త్రవ్వాను. పేరు విషయమై ఇంట్లో తగువు అప్పటికింకా తెగనే లేదు.

అమ్మినవాడిని తిట్టి ఊరుకోవచ్చు, తిట్టాను కూడా. కాని ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మరాదని 2017లో కేంద్రప్రభుత్వం తెచ్చిన కుక్కల పెంపకం, విక్రయ నియమాలు స్పష్టంగా చెబుతున్నాయి. పెంపకందారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి వద్ద నమోదు కావాలి. పిల్లకు మైక్రోచిప్ ఉండాలి. పద్దెనిమిది నెలలు నిండని ఆడకుక్కను కట్టించరాదు, జీవితకాలంలో ఐదు ఈతలు మించరాదు. ఇవన్నీ కాగితం మీద ఉన్నాయి. నేను వీటిలో ఏ ఒక్కటీ అడగలేదు. అడగని కొనుగోలుదారు ఉన్నంతవరకు ఆ చట్టం ఎవరిని కాపాడుతుంది?

ఇప్పుడు మా అన్న కొడుక్కి హస్కీ కావాలట. "చిన్నాయనా, పేపర్లు లేకుంటే పద్దెనిమిది వేలు, పేపర్లుంటే ముప్పై అంట" అన్నాడు. ఇంతకన్నా పెద్ద మోసం మరొకటి లేదు. వంశపత్రం కూరలో కొత్తిమీర కాదు, కావాలంటే చల్లడానికి. తల్లీతండ్రీ కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియాలో నమోదై ఉంటే పిల్లకు పత్రం వస్తుంది, లేకుంటే రాదు. పైగా ఆ పత్రం చెప్పేది వంశం మాత్రమే, ఆరోగ్యం కాదు. లాబ్రడార్లకు, జర్మన్ షెపర్డ్‌లకు వంశపారంపర్యంగా వచ్చే తుంటికీలు జబ్బు ఉన్నదో లేదో ఎక్స్‌రే చెప్పాలి. తల్లిదండ్రుల ఎక్స్‌రే అడిగినవాడిని మా ప్రాంతంలో ఇంతవరకు నేను చూడలేదు. 2022లో వచ్చిన "777 చార్లీ" చిత్రం చూసి కన్నీరు పెట్టుకున్నవారు మాత్రం చాలామంది ఉన్నారు. ఆ చార్లీ పారిపోయి వచ్చింది ఇటువంటి పెంపకందారు ఇంటి నుండే, దాన్ని బలిగొన్నది రక్తసంబంధంలోనే కట్టించడం వల్ల వచ్చిన రోగమే. కన్నీరు తుడుచుకొని, అదే వీధిలో అదే జాతి పిల్లను బేరమాడాము.

ఇక హస్కీ. సైబీరియా మంచులో బండి లాగడానికి రెండు పొరల బొచ్చుతో పుట్టిన జీవి. దాన్ని వేరుశనగ చేలు మాడిపోయే మా సీమ ఎండలో రేకుల షెడ్డు క్రింద గొలుసుతో కట్టివేయడానికి ఏ శాస్త్రం ఒప్పుకుంటుంది? (విదేశీ కుక్కను మనవాళ్ళు "సీమకుక్క" అంటారు. మా సీమలో బ్రతకలేనిదాన్ని సీమకుక్క అనడం ఎంత వింత!)

అలాగని జాతికుక్కలే వద్దని, వీధికుక్కనే తెచ్చుకోవాలని చెప్పే మిత్రులతోనూ నేను పూర్తిగా ఏకీభవించను. అందరూ అలాగే అనుకొంటే కొల్లేటి ప్రాంతపు జోనంగి ఏమవుతుంది? బాతుల మందలను కాసిన ఆ కుక్క ఇప్పటికే అరుదైపోయింది. ముధోల్, రాజపాళయం, చిప్పిపారై నిలవాలంటే వాటిని శుద్ధంగా, శ్రద్ధగా పెంచేవారు ఉండాలి. అయితే ముధోల్ వేట కోసం, పరుగు కోసం పుట్టినది. దానినీ మూడో అంతస్తు వసారాలో కట్టేసేవాడు, స్వదేశీ అన్నంత మాత్రాన, హస్కీ కొన్నవాడికన్నా మెరుగు కాడు.

మన భారతం ఆదిపర్వంలో నిరపరాధి అయిన తన పిల్లను కొట్టినందుకు సరమ అనే కుక్క తల్లి జనమేజయుని ముందుకే వచ్చి నిలదీసింది. ఆమె కనీసం సభకు రాగలిగింది. ఈతకు ఈత మోస్తూ చీకటి గదిలో పడి ఉన్న తల్లిని మనకెవరూ చూపించరు. ఎందుకు చూపించరో ఆలోచించండి. బొమికలు తేలిన ఆ ఒంటిని చూసినవాడు పిల్లను కొనడు.

మా అన్న కొడుక్కి ఇదంతా చెప్పాను. మా పెరట్లోకి ఏ చిన్నపిల్లనూ తేవద్దని కూడా చెప్పాను. పార్వో క్రిమి మట్టిలో నెలల తరబడి బ్రతుకుతుంది. ఇన్నేళ్ళయ్యాక భయం లేదని వైద్యుడు అన్నా, ఆ వేపచెట్టు దగ్గర నా మనసు ఒప్పుకోదు. వాడు కాసేపు మొహం మాడ్చుకున్నాడు. మరునాడు ఆ బెంగళూరు మనిషికి ఫోను చేసి, "వచ్చి తల్లిని చూస్తాము" అన్నాడట.

"పిల్ల కావాలా, తల్లి కావాలా?" అని అడిగి ఫోను పెట్టేశాడట ఆయన.