గోధుమ తీసేసిన కంచంలో ఏముంది?

‘గ్లూటెన్ ఫ్రీ’ అని పెద్ద అక్షరాలతో రాసిన బిస్కెట్ ప్యాకెట్‌ను ఒకసారి వెనక్కి తిప్పి చదవండి. చాలావాటిలో కనిపించేది బియ్యప్పిండి, మొక్కజొన్న స్టార్చ్, పంచదార, పామాయిల్. గోధుమ లేదన్న మాట నిజమే. గుండెకు పనికొచ్చేదీ అందులో పెద్దగా లేదు. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన ప్రకారం ఆ ముద్ర వేసుకోవాలంటే కిలో పదార్థంలో గ్లూటెన్ 20 మిల్లీగ్రాములకు మించకూడదు. ఉప్పెంత, చక్కెరెంత, కొవ్వెంత అన్నది ఆ ముద్రకు పట్టదు. అయినా దాన్ని ‘ఆరోగ్యకరం’ అని చదువుకోవడం మనకు అలవాటవుతోంది. గోధుమ మానినంత మాత్రాన గుండెకు ఒరిగేది లేదని, మానిన గోధుమ చోట ఏం తింటున్నామన్న దాన్ని బట్టే గుండెకు మేలో కీడో జరుగుతుందని నేను గట్టిగా నమ్ముతున్నాను.

గ్లూటెన్ తప్పనిసరిగా మానాల్సిన వాళ్లున్నారు. సీలియాక్ వ్యాధి ఉన్నవారిలో గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లోని ఈ ప్రొటీన్ చిన్నపేగు లోపలి పొరను దెబ్బతీసేలా వ్యాధి నిరోధక వ్యవస్థను ఉసిగొల్పుతుంది. జీవితాంతం పథ్యమే దానికి మందు. మన దేశంలో మూడు ప్రాంతాలను పోల్చి 2016లో ప్రచురించిన అధ్యయనంలో, ఈ వ్యాధిని సూచించే యాంటీబాడీలు ఉత్తరాదిన 1.23 శాతం మందిలో, దక్షిణాదిన 0.10 శాతం మందిలో కనిపించాయి. అక్కడ రోజుకు సగటు గోధుమ వాడకం 455 గ్రాములు, ఇక్కడ 25 గ్రాములు. అంటే మన దగ్గర ఈ రోగులు తక్కువ. తక్కువ కాబట్టే వారిని పట్టించుకునేవారూ తక్కువ. అసలు ఆందోళన ఇంకొకటి ఉంది. బ్రిటన్‌లో యూకే బయోబ్యాంక్ సమాచారాన్ని పరిశీలించి 2023లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, సీలియాక్ ఉన్నవారికి గుండె, రక్తనాళాల జబ్బుల ముప్పు మిగతావారికన్నా 27 శాతం ఎక్కువ. అలాంటివారికి తినకూడని వాటి జాబితా ఒక్కటే చేతిలో పెట్టి పంపితే సగం వైద్యమే చేసినట్టు.

సీలియాక్ లేనివాళ్లు గుండె కోసమని గోధుమ మానడానికి ఆధారం లేదు. అమెరికాలో లక్షకు పైగా స్త్రీ పురుష ఆరోగ్య సిబ్బందిని 1986 నుంచి 2012 దాకా గమనించిన హార్వర్డ్ పరిశోధకులు, గ్లూటెన్ ఎక్కువ తిన్నవారికీ తక్కువ తిన్నవారికీ గుండెజబ్బు ముప్పులో చెప్పుకోదగ్గ తేడా లేదని 2017లో తేల్చారు. గ్లూటెన్‌కు భయపడి ముడి ధాన్యం మానేస్తే దాని పీచు వల్ల గుండెకు అందే మేలు పోతుందని హెచ్చరించారు కూడా. ‘గోధుమ మానేశాక కడుపు తేలికపడింది కదా’ అనేవారున్నారు. వారి అనుభవాన్ని కాదనక్కర్లేదు, కారణాన్నే సరిచూసుకోవాలి. అలా చెప్పిన 59 మందికి నార్వేలో ఏది ఏదో తెలియకుండా గ్లూటెన్, ఫ్రక్టాన్ కలిపిన పదార్థాలు విడివిడిగా పెట్టి చూస్తే, కడుపు ఉబ్బరం ఎక్కువైంది ఫ్రక్టాన్‌తో. ఈ పిండిపదార్థం గోధుమలోనే కాదు, ఉల్లిలోనూ వెల్లుల్లిలోనూ ఉంటుంది.

మన కంచం సంగతికొద్దాం. అన్నం, పప్పు, చారు, పెరుగు: తెలుగు భోజనం సహజంగానే గోధుమ లేనిది. అయినా మన ఇళ్లలో గుండెపోట్లకు కొదవ లేదు. పాలిష్ పట్టిన తెల్లన్నం కొండలా, కూర గోరంత, పక్కన ఉప్పు నిండిన ఆవకాయ, అప్పడం ఉంటే గ్లూటెన్ లేకపోవడం ఎవరిని కాపాడుతుంది? చిరుధాన్యాలున్నాయి కదా అంటారు. నిజమే. 19 అధ్యయనాలను కలిపి చూసిన ఇక్రిశాట్ నేతృత్వంలోని బృందం, చిరుధాన్యాలు తిన్నవారిలో మొత్తం కొలెస్ట్రాల్ 8 శాతం తగ్గినట్టు 2021లో చెప్పింది. కానీ 2025లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే ఇంకో మాట చెప్పింది. మనకు అందే శక్తిలో 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తోంది. ఆ మొత్తాన్ని తగ్గించకుండా బియ్యం బదులు చిరుధాన్యాల పిండికి మారినంత మాత్రాన, గుండెనూ దెబ్బతీసే మధుమేహం ముప్పు తగ్గడం లేదు. అది తగ్గాలంటే అందులో కొంత పప్పులు, పాలు, చేపల వంటి ప్రొటీన్‌కు చోటివ్వాలి. రెండు మాటలకూ పొంతన ఉంది. ఒక జొన్నరొట్టె, గిన్నెడు గోంగూర పప్పు, గుప్పెడు వేయించిన వేరుసెనగలు ఒక లెక్క. నాలుగు జొన్నరొట్టెలు, చెంచాడు పచ్చడి ఇంకో లెక్క.

ఖరీదు మాటేమిటన్న ప్రశ్న న్యాయమైనదే. గ్లూటెన్ లేని బ్రెడ్డు, పాస్తా మధ్యతరగతికి భారమే. అయితే గుండెకు వాటి అవసరమే లేదు. రాగి, జొన్న, కంది, పెసర, తోటకూర ఏ రైతుబజారులోనైనా దొరుకుతాయి. సీలియాక్ రోగికి కష్టమంతా కంటికి కనిపించని గోధుమతోనే. డబ్బాలో వచ్చే ఇంగువ పొడిలో చాలావరకు అసలు ఇంగువకన్నా మైదానో గోధుమపిండో ఎక్కువ. అంటే పులిహోర పోపులోకీ గోధుమ వచ్చేస్తుంది. జొన్నపిండి చపాతీ పిండిలా సాగదు, వేడినీళ్లతో కలిపి చేత్తో తట్టాలి. తట్టడం తేలికని ఎవరైనా గుప్పెడు గోధుమపిండి కలిపితే ఆ రొట్టె రోగికి పనికిరాదు. పిండిమరలో మన జొన్నలకు ముందు ఎవరివో గోధుమలు ఆడి ఉంటే, మొదట రాలే పిండిలో అదీ కలిసే వస్తుంది. ఈ జాగ్రత్తలన్నీ ఎవరికి అవసరమో తేల్చేది రక్తపరీక్ష, ఆపై అవసరమైతే పేగు నుంచి తీసే ముక్క పరీక్ష. అవి గోధుమ తింటున్న రోజుల్లోనే చేయించుకోవాలి. ముందే మానేసి నెలలు గడిచాక వెళితే యాంటీబాడీలు తగ్గిపోయి, ఉన్న జబ్బు కూడా లేనట్టే కనిపించవచ్చు. అప్పుడు ఆ మనిషికి ఇంగువ డబ్బాను చూసి భయపడాలో లేదో చెప్పడం డాక్టరుకూ కష్టమే.