ఇంటింటి పనులు: ముందు చక్రం రొద పెడితే

పాత కారు కొనుక్కున్న సోదరులు తరచుగా అడిగే ప్రశ్న ఒకటున్నది. ముందు చక్రం గూమని రొద పెడుతుంటే, పట్నం దాకా పోకుండా ఇంటి దగ్గరే హబ్బు విప్పి బేరింగులు మార్చుకోవచ్చునా?

మార్చుకోవచ్చును, కాని అన్ని కార్లకూ కాదు. ఈ కాలపు కార్లలో చాలా వాటికి బేరింగు హబ్బుతో కలిసి ఒకే ముక్కగా వస్తుంది, లేదా ప్రెస్సు పెట్టి దించవలసి ఉంటుంది. దాన్ని ఇంట్లో సుత్తితో దిగగొడితే కొత్త బేరింగు ఆ రోజే పాడవుతుంది. వాటిని వర్క్‌షాపుకే తీసుకువెళ్లండి. నేను వ్రాస్తున్నది వెనుక చక్రాలతో నడిచే పాతరకం కార్లలో, రెండు టేపర్ బేరింగులుండే ముందు చక్రం సంగతి. ట్రాక్టరు ట్రాలీ చక్రంలోనూ దాదాపు ఇదే అమరిక.

చక్రం పైకెత్తి, పైనా కిందా పట్టుకుని ఊపండి. లూజు కనబడితే ఇంట్లో ఒకరిని బ్రేకు తొక్కమనండి. అప్పుడు లూజు పోతే లోపం బేరింగులోనే. పోకపోతే స్టీరింగు కీళ్లలో వెదకాలి.

జాకీని మాత్రం నమ్మవద్దు. వెనుక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, కారు కింద స్టాండుగాని గట్టి చెక్కమొద్దుగాని ఉంచిన తరువాతే పని మొదలుపెట్టండి. ఇటుకలు పనికిరావు; బరువుకు ఉన్నట్టుండి పగిలిపోతాయి. పిల్లలను దూరంగా ఉంచండి.

చక్రం తీసి, మూత ఊడదీసి, స్ప్లిట్ పిన్ను లాగి, నట్టు విప్పితే బయటి బేరింగు చేతికొస్తుంది. తరువాత హబ్బు లాగండి. డిస్కు బ్రేకు అయితే ముందుగా క్యాలిపర్ విప్పి తీగతో కట్టాలి, గొట్టానికి వేలాడనివ్వకూడదు. డ్రమ్ములోని దుమ్మును నోటితో ఊదవద్దు. పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండేది, అది ఊపిరితిత్తులకు కీడు. తడిగుడ్డతో తుడవండి. విప్పిన సామాను వరుసగా పేర్చడానికి ఒక పళ్లెం కావాలి. ఇల్లాలిని అడిగే తీసుకోండి!

లోపలి బేరింగు సీలు వెనుక ఉంటుంది. హబ్బులో బిగిసి ఉన్న కప్పులను ఇత్తడి కడ్డీతో ఒకసారి ఈ పక్క, ఒకసారి ఆ పక్క తట్టి దింపాలి. గట్టి ఉక్కు మీద ఉక్కుతో కొడితే పెచ్చు లేచి కంట్లో పడే ప్రమాదమున్నది. కొత్త రోలర్లు వేసి పాత కప్పు ఉంచేయడం పొదుపు కాదు, రెండూ జతగానే మార్చాలి. గ్రీజు పైపైన పూస్తే చాలదు. అరచేతిలో ముద్ద పెట్టుకుని రోలర్ల సందుల్లోనుండి అవతలికి వచ్చేదాకా నొక్కండి. సీలు కూడా కొత్తదే వేయండి.

అసలు జాగ్రత్త నట్టు బిగించడంలో ఉన్నది. చాలామంది బలం కొద్దీ బిగిస్తారు. అట్లా చేస్తే బేరింగు వేడెక్కి, గ్రీజు కారిపోయి, చివరకు పట్టేస్తుంది. చక్రం తిప్పుతూ స్పానరుతో కాస్త బిగించండి, రోలర్లు సర్దుకుంటాయి. ఆపైన నట్టు వదులు చేసి వేళ్లతో మాత్రమే బిగించండి. కారు పుస్తకంలో కొలత ఇచ్చి ఉంటే దాని ప్రకారమే చేయాలి. పిన్ను రంధ్రం కుదరకపోతే తరువాతి గాటు దాకా వదులు చేయండి, బిగించవద్దు. పాత స్ప్లిట్ పిన్ను మళ్లీ వేయవద్దు. చక్రం ఊడకుండా చూసేది ఆ చిన్న పిన్నే. ఖరీదు కొద్ది రూపాయలు, కారులో కూర్చునేది మన కుటుంబం.

బ్రేకు రెండుసార్లు తొక్కి చూసుకుని, పది కిలోమీటర్లు నెమ్మదిగా నడిపి ఆపండి. హబ్బు దగ్గర చేయి పెట్టి, రెండవ వైపు చక్రంతో పోల్చండి. ఇది చేయి పెట్టలేనంత కాలుతుంటే నట్టు బిగువు ఎక్కువైనట్టే. మళ్లీ విప్పి సరిచేయనిదే ఎక్కడికీ బయలుదేరవద్దు.