బడికి పిల్లవాణ్ణి కాదు, కబురు పంపండి

"ఒంటిమీద నాలుగు పొక్కులు లేచాయి. జ్వరం తగ్గింది. రేపు పరీక్ష. బడికి పంపవచ్చునా డాక్టరుగారూ?" అని తల్లులు మమ్మల్ని తరచు అడుగుతుంటారు. పంపకూడదు.

ఆటలమ్మ పొక్కులన్నీ ఎండి పక్కు కట్టేవరకు ఇతరులకు అంటుతుంది. తట్టు అయితే దద్దుర్లు వచ్చాక నాలుగు రోజులు, గవదబిళ్లలు అయితే వాపు మొదలయ్యాక అయిదు రోజులు బిడ్డను ఇంట్లోనే ఉంచాలి.

అయితే అంతటితో మీ బాధ్యత తీరదు. ఆటలమ్మ పొక్కులు కనిపించడానికి ఒకటి రెండు రోజుల ముందునుంచే అంటుతుంది. తట్టు దద్దుర్లకు నాలుగు రోజుల ముందునుంచే అంటుతుంది. అంటే, మీకు జబ్బు తెలిసేనాటికే మీ బిడ్డ పక్క పిల్లలకు అది అంటించి ఉండవచ్చు. అందుకే సెలవు చీటీలో "జ్వరం" అని రాసి ఊరుకోకండి. జబ్బు పేరు రాయండి.

ఆ ఒక్క మాటతో ఉపాధ్యాయులు మూడు వారాలపాటు మిగతా పిల్లలను కనిపెట్టి చూస్తారు. ఒకే తరగతిలో ముగ్గురు నలుగురు ఒకేసారి రాకపోతే, హాజరుపట్టీ చూసి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తెలియజేయవచ్చు. తట్టు టీకా వేయించుకోని పిల్లలకు, రోగిని కలిసిన 72 గంటల లోపల టీకా వేస్తే జబ్బు రాకుండా ఆపే అవకాశం ఉంది. ఆలస్యమైతే ఆ అవకాశం చేజారిపోతుంది. ఆ తరగతిలో క్యాన్సరుకు మందులు వాడుతున్న పిల్లవాడు ఉండవచ్చు. పాఠం చెప్పే టీచరమ్మ గర్భవతి కావచ్చు. వారికి ఆటలమ్మ ప్రాణంమీదికి తేవచ్చు.

వెనుకటినుంచీ అమ్మవారు పోసిన ఇంటి గుమ్మానికి వేపమండ కట్టడం ఉంది. అది చూసి ఇరుగుపొరుగు తమ పిల్లలను ఆ ఇంటికి పంపేవారు కాదు. ఆ వేపమండ బడికి కనబడదు కదా! మీరు చెబితేనే తెలుస్తుంది.

ఇంట్లో బిడ్డకు స్నానం చేయించండి, గోళ్లు కత్తిరించండి. పథ్యం పేరిట పస్తు పెట్టకండి. ఆస్పిరిన్ ఇవ్వకండి. ఆయాసం, మగత, మూర్ఛ కనిపించినా, గొంతులో బూడిదరంగు పొర కట్టి మెడ వాచినా వెంటనే ఆస్పత్రికి తీసుకువెళ్లండి. ఆ పొర కంఠసర్పి కావచ్చు.

తట్టు టీకా తొమ్మిది నెలలు నిండగానే ఒకసారి, 16-24 నెలల మధ్య మరొకసారి ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచితంగా వేస్తారు. కంఠసర్పికి అయిదేళ్లు నిండాక, పదో ఏట, పదహారో ఏట వేసే టీకాలను చాలామంది మరచిపోతారు. ఈ రోజే మీ పిల్లల టీకా కార్డు తీసి చూడండి.