ఏడు రాత్రుల ఆస్తి

ఆస్తి అనగానే తెలుగువాని మనస్సులో మొదట మెదిలేది పొలం. పొలం తరువాత ఇల్లు. రెండింటికీ దస్తావేజులో నాలుగు సరిహద్దులు వ్రాస్తారు. తూర్పున ఫలానావారి చేను, పడమర పుంత, ఉత్తరాన పంటబోదె, దక్షిణాన ఫలానావారి దొడ్డిగోడ. ఈ హద్దులలో ఏది జరిగినా తగవు పుడుతుంది గాని, ఆస్తి మాత్రం కనుమరుగు కాదు. అమెరికాలో అరశతాబ్దిగా అమ్ముడవుతున్న ఒక ఆస్తికి హద్దులు నేలమీద కాక పంచాంగంలో వున్నవి. శనివారం సాయంకాలం నాలుగు గంటలకు అది మొదలవుతుంది. మరుసటి శనివారం ఉదయం పది గంటలకు ముగుస్తుంది. ఆ తరువాత ఏడాది తిరిగి వచ్చేదాకా ఆ గదిలో యజమానికి కూర్చునే హక్కయినా వుండదు. దీనిని అక్కడివారు టైమ్‌షేర్ అంటారు. తెలుగులో ఇందుకు కొత్త మాట కల్పించవలసిన పని లేదు. చెరువు నీటికి వాడే ‘వంతు’ అన్న మాట చాలును.

ఈ వంతుల వ్యాపారం పుట్టినది యూరపులో. 1963లో స్విట్జర్లాండులో ఏర్పడిన హాపిమాగ్ సంస్థ, సభ్యుల సొమ్ముతో విహారగృహాలు సంపాదించి వారు వంతులవారీగా వాడుకొనే ఏర్పాటు చేసినది. ఆ దశాబ్దిలోనే ఫ్రాన్సు ఆల్ప్స్ పర్వతాలలోని సూపర్‌దెవొలూయిలో గదుల వారాలు అమ్మకానికి వచ్చినవి. అక్కడినుండి అట్లాంటిక్ దాటి ఫ్లారిడా, హవాయి తీరాలలో ఈ పద్ధతి వేళ్ళూనినది. 1974లో ఇండియానాపొలిస్ నగరంలో ఆర్.సి.ఐ., 1976లో ఇంటర్వల్ ఇంటర్నేషనల్ అనే మార్పిడి సంస్థలు వెలసినవి. 1984లో మారియట్, 1991లో డిస్నీ అడుగుపెట్టిన తరువాత ఈ సరుకుకు మర్యాద హెచ్చినది. చరిత్ర ఇంతకంటె అక్కర లేదు.

నిర్మాతవద్ద కొత్తగా కొంటే ఒక వారపు హక్కు సగటున 20,000 డాలర్లు దాటుతుంది. బహుమానం ఇస్తామని పిలిచి, ఫలహారం పెట్టి, గంటన్నర సేపు కూర్చోబెట్టి అమ్మే సరుకు ఇది. ఇట్లా కొన్నవానికి మనస్సు మార్చుకొనడానికి ఫ్లారిడా శాసనం 10 రోజుల గడువు ఇచ్చినదంటే, ఆ గంటన్నరలో జరిగే మంత్రాంగం ఎట్టిదో శాసనకర్తలు ఎరుగుదురన్నమాట. అదే వారాన్ని ఆ యజమాని తిరిగి అమ్మబోతే పదోవంతు వెల కూడా పలకకపోవచ్చును. ఈబే అంగడిలో 1 డాలరుకే చేతులు మారిన వారాలు కొల్లలు. డాలరుకు ఆస్తి వస్తున్నదని విని సంతోషించేవానికంటె, ముందుగా జంకేవాడు తెలివైనవాడు. పాడిగేదెను ఊరకే తోలుకుపొమ్మంటే గడ్డి ఖర్చు మాట అడగాలి గదా! ఇక్కడి గడ్డి పేరు నిర్వహణ రుసుము. అది ఏటా 1,000 డాలర్లు దాటడం సాధారణం. వెళ్ళినా కట్టవలసినదే, వెళ్ళకున్నా కట్టవలసినదే.

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలను ఈ మారుబేరం ఆకర్షించడానికి ఒక ముచ్చటైన కారణం వున్నది. అది వంటిల్లు. హోటలు గదిలో కాఫీ కాచుకొనే యంత్రం మించి మరేమీ దొరకదు. ఈ గృహాలలో పొయ్యి, గిన్నెలు, రిఫ్రిజిరేటరు, చాలాచోట్ల రెండు పడకగదులు వుంటవి. స్వదేశంనుండి అమ్మానాన్నలు వచ్చినప్పుడు పగలంతా ఆర్లాండోలో వింతలు చూపించి, రాత్రికి ఇంత చారు కాచి అన్నం పెట్టవచ్చును. వారం రోజులు పరాయి తిండి తినలేని పెద్దలను వెంటబెట్టుకొని తిరిగినవారికే ఈ సౌకర్యపు విలువ తెలుస్తుంది. కనుక టైమ్‌షేర్ అంతా మోసమేనని ఒక్కమాటలో కొట్టిపారవేసేవారితో ఏకీభవించడం కష్టం. సరుకులో మోసం లేదు. సరుకును గురించిన భ్రమలోనే నష్టమంతా వున్నది. కొన్నవాడు తాను గదిని కొన్నాననుకొంటాడు. నిజానికి అతడు కొన్నది వరుసలో ఒక చోటు మాత్రమే. ఆ చోటును ఏటేటా కాచుకోవాలి.

కాపలా కొనుగోలుకు ముందే మొదలవుతుంది. మారుబేరంలో వెల ఎంత అన్న ప్రశ్నకంటె, ఏ సంవత్సరపు వారం మొదలు తనది అవుతుందన్న ప్రశ్న ముఖ్యం. అమ్మేవాడు ఈ యేటి వారాన్ని ఇదివరకే వాడుకొని వుండవచ్చు. వచ్చే యేటి వారాన్ని మార్పిడి సంస్థలో జమచేసి, ఆ జమను తన ఖాతాలోనే వుంచుకొని వుండవచ్చు. పొలం కొనేవాడు నిలువు పంట ఎవరిదో తేల్చుకోనిదే బయానా ఇవ్వడు. ఇక్కడా అంతే. బాకీ ఎంత, రిజర్వేషన్లు ఏమైనా వున్నవా, మొదటి వాడకం ఏ యేటిది అన్న మూడు సంగతులు రిసార్టు యాజమాన్యం చేత కాగితంమీద వ్రాయించుకోవాలి. అమ్మేవాని నోటిమాట, దళారి వాగ్దానం ఇందుకు బదులు కావు. దస్తావేజు కౌంటీ కార్యాలయంలో నమోదు అయిన తరువాత కూడా, రిసార్టు పుస్తకాలలో పేరు మారడానికి కొన్ని వారాలు పడుతుంది. పేరు మారనిదే కొత్త యజమాని ఫోను చేసినా పలికే నాథుడు వుండడు. ఈ సంధికాలంలో మంచి తేదీలు చేజారకుండా, అమ్మేవానిచేతనే కొన్నవాని పేర రిజర్వు చేయించే షరతు ఒప్పందంలో వ్రాసుకొన్నవాడు బుద్ధిమంతుడు.

వారాలలో స్థిరం, చరం అని రెండు జాతులు. స్థిర వారానికి అంకె వుంటుంది. ఏడాదిని 52 వారాలుగా లెక్కగట్టి, ఫలానా అంకె వారం, ఫలానా గది అని దస్తావేజులో వ్రాస్తారు. దీనికి రిజర్వేషను బాధ లేదు. వెళ్ళి తలుపు తీసుకోవడమే. కాని అంకెకూ పండుగకూ ముడి లేదన్న సంగతి చాలామంది మరచిపోతారు. ఉగాది ఇంగ్లీషు తేదీలలో ఒకచోట నిలవనట్లే, ఈస్టర్ పండుగ కూడా మార్చి 22 మొదలు ఏప్రిల్ 25 వరకు ఎక్కడైనా పడవచ్చును. ఒక యేడు ఈస్టర్ పడినదని చూచి ఆ అంకె వారాన్ని కొన్నవానికి మరుసటి యేడు పిల్లల బడి తెరిచే వుంటుంది. క్రిస్మస్ సైతం ఒక యేడు 51వ వారంలో, ఒక యేడు 52వ వారంలో పడుతుంది. అయిదారేండ్లకొకసారి అధికమాసం వంటి 53వ వారం కూడా వచ్చి లెక్కను జరుపుతుంది. వచ్చే పదేండ్ల వారాల పట్టికను రిసార్టువారినడిగి తెప్పించుకొని, ఇంటి కాలెండరుతో సరిచూచుకోవడం ఒక గంట పని. ఆ గంట వెచ్చించనివారే ఎక్కువ.

చర వారం ఇందుకు భిన్నం. ఒక ఋతువులో ఏ వారమైనా పట్టుకొనే హక్కు అందులో వున్నది. పట్టుకోలేకపోతే ఆ హక్కు కాగితానికే పరిమితం. మారియట్ సంస్థవారి చర వారాల పద్ధతి చూడండి. ఒక్క వారం కావలసినవారికి 12 నెలల ముందు కిటికీ తెరుస్తారు. రెండు గాని అంతకంటె ఎక్కువ గాని వారాలు వుండి, వాటిని ఒక్కసారిగానో వరుసగానో పట్టేవారికి 13 నెలల ముందే తెరుస్తారు. అంటే ఒకే వారం గలవాడు వరుసలో నిలబడేసరికి, రెండు వారాలవాడు పంక్తిలో కూర్చుని విస్తరి ముగించి వుంటాడు. ఇది అన్యాయం కాదు, నియమం. ఈ నియమం తెలియక, సెలవులకు రెండు నెలల ముందు ఫోను చేసి “డబ్బు కట్టినవాడిని, నాకే చోటు లేదా?” అని కోపగించడం నిష్ఫలం. అంతేకాదు, ఆ యేటి నిర్వహణ రుసుము చెల్లించనివారికి చాలాచోట్ల రిజర్వేషను గాని, జమ చేసే వీలు గాని వుండదు.

ఇక మార్పిడి. ఈ సరుకుకు ఇంత ప్రచారం వచ్చినది మార్పిడి వల్లనే. ఒకచోట వారం కొనండి, లోకమంతా తిరగండి అన్నది అమ్మకందార్ల పల్లవి. చెరువు క్రింద వ్యవసాయం చేసే ఊళ్ళలో రైతులు వంతులు మార్చుకోవడం ఎరుగనిది కాదు. కూతురి పెండ్లి వున్నవాడు తన రాత్రివంతును పక్క చేనువానికి ఇచ్చి, అతని పగటివంతు తాను తీసుకొంటాడు. నీరటి సాక్షి. రాత్రివంతుకూ పగటివంతుకూ గల తేడా ఇద్దరికీ తెలుసు కనుక, ఆ తేడాకు ఒక పూట సాయమో, రెండు మోపుల గడ్డో పరిహారంగా ముడుతుంది. మార్పిడి సంస్థలో ఇచ్చేవాడు, పుచ్చుకొనేవాడు ఒకరినొకరు చూడరు. ఒకడు కేప్ కాడ్ వారాన్ని జమచేసి హవాయి పోతాడు. హవాయివాడు ఫ్లారిడా పోతాడు. నీరటి స్థానంలో కంప్యూటరు కూర్చుని ఏ వంతుకు ఏ విలువో నిర్ణయిస్తుంది. చాలాకాలం ఆ విలువ ఎంతో యజమానికి చెప్పేవారే కాదు. 2010లో ఆర్.సి.ఐ. ఆ అంకెను సభ్యులకు కనబరచడం మొదలుపెట్టినది. అప్పుడుగాని ఎందరికో తమ ఆస్తి అసలు స్వరూపం తెలియలేదు.

మాసచూసెట్స్ రాష్ట్రంలోని కేప్ కాడ్ సముద్రతీరాన్నే ఉదాహరణగా తీసుకొందాము. అక్కడ ఒకే భవనంలో ఒకే గదికి జూలై వారం ఒకరిది, ఫిబ్రవరి వారం మరొకరిది. నిర్వహణ రుసుము సామాన్యంగా గది పరిమాణాన్ని బట్టి వేస్తారు గాని ఋతువును బట్టి కాదు. కనుక ఇద్దరూ ఒకే రుసుము కడతారు. కాని జూలై వారాన్ని జమచేసినవానికి దాదాపు ఎక్కడికైనా దారి తెరుచుకొంటుంది. మిగిలిన విలువ మరొక విహారానికి కూడా పనికిరావచ్చు. చలిగాలిలో బోసిపోయిన తీరాన ఫిబ్రవరి వారం గలవానికి దొరికేది అటువంటి మరొక బోసి వారమే. మారుబేరంలో డాలరుకు దొరికేది ఈ రెండవ జాతి అని వేరే చెప్పనక్కర లేదు. ఆర్లాండో సంగతి మరొకటి. అక్కడ గదులు అపారం. అందువల్ల అక్కడికి వెళ్ళడం సులభం, అక్కడి వారం ఇచ్చి మరొకచోట మంచి వారం రాబట్టడం కష్టం.

ఆలస్యానికి కూడా ఇక్కడ వెల వున్నది. ఆర్.సి.ఐ. పద్ధతిలో 9 నెలల ముందు జమచేసిన వారానికి పూర్తి విలువ కడతారు. రోజు దగ్గరపడినకొద్దీ విలువ దిగిపోతుంది. కాలువ చివరి శివారు రైతుకు నీరు చేరేసరికి బురదే మిగిలినట్లు, ఆఖరు నెలలో జమచేసినవానికి మిగులు వారాలే గతి. ఇంటర్వల్‌లో తన వారాన్ని చేతనే వుంచుకొని ముందుగా అడిగి చూచే వీలు వున్నది. అయితే అడిగినది దొరికిన మరుక్షణం తన వారం చేయి దాటిపోతుంది కనుక, ఇంటిల్లిపాదినీ సంప్రదించిన తరువాతనే అడగడం మేలు. ప్రతి మార్పిడికీ 200 డాలర్లు దాటే రుసుము, దానిపైన సంస్థ సభ్యత్వపు చందా. ఇవన్నీ నిర్వహణ రుసుముతో కలిపి ఏడు రాత్రులకు పంచి చూస్తే, అదే ఊళ్ళో అద్దెకు దొరికే గది చౌక అనిపించే సందర్భాలు లేకపోలేదు. ఆ లెక్క వేయనివారే మార్పిడిని ఉచితమనుకొంటారు.

మన ఇళ్ళలో మర్యాదకు సంబంధించిన చిక్కు ఒకటి వున్నది. తాము వెళ్ళలేకపోతే ఆ వారం బావమరిదికో, చెల్లెలి కుటుంబానికో ఇచ్చి పంపడం తెలుగువారికి సహజం. మార్పిడిలో వచ్చిన వారాన్ని ఇట్లా ఇవ్వాలంటే ముందుగా రుసుము చెల్లించి, వచ్చేవారి పేర అతిథి పత్రం తీసుకోవాలి. ఆ పత్రం లేకపోతే బావమరిది పెట్టెలతో వాకిట్లో నిలబడవలసి వస్తుంది. అద్దెకు ఇవ్వడం మాత్రం రెండు సంస్థలలోనూ నిషిద్ధం.

ఇన్ని సంగతులు చూచిన మీదట తేలేది ఒకటే. మార్పిడికోసం వారాన్ని కొనడం, అమ్మకంకోసం బియ్యం దాచడం వంటి వ్యాపారం; అందుకు వ్యాపారి నేర్పు, వ్యాపారి తీరిక కావాలి. సామాన్య గృహస్థు తాను ఏటేటా స్వయంగా వెళ్ళగలిగిన చోట, వెళ్ళగలిగిన వారాన్నే కొనాలి. ఎప్పుడైనా ఒక యేడు వీలుపడకపోతే మార్పిడి ఆదుకొంటుంది. అది ఆపద్ధర్మం. దానినే జీవనాధారం చేసుకొన్నవారే నిరాశ చెందుతున్నారు. పైగా కారులో నాలుగైదు గంటలలో చేరగల రిసార్టులో వారం వున్నవానికి విమానపు టిక్కెట్ల బెడద కూడా వుండదు.

ఉపాధ్యాయులకు ఈ విషయంలో ఒక అనుకూలం, ఒక ప్రతికూలం వున్నవి. ఏడాది ముందే తమ సెలవులు తెలిసిన వృత్తులు అరుదు. చర వారం పట్టడానికి అది గొప్ప బలం. కాని ఆ సెలవులే అందరి సెలవులు. మనదేశంలోనూ ఈ పద్ధతి వున్నది. స్టెర్లింగ్ 1986 నుండి, మహీంద్రా 1996 నుండి ఈ రంగంలో వున్నవి. ఇక్కడ సాధారణంగా దక్కేది దస్తావేజు కాదు, పాతికేళ్ళో మరికొన్నేళ్ళో సాగే సభ్యత్వం. ఋతువులకు రంగుల పేర్లు పెట్టి, రంగును బట్టి వెల కడతారు. పిల్లల బడులు మూసిన రోజులు సహజంగానే ప్రియమైన రంగులలో పడతవి. చౌక రంగు కొన్న ఉపాధ్యాయునికి మున్నారులో గది ఖాళీగా వున్న వారంలో బడిలో పరీక్షలు జరుగుతూ వుంటవి. ఇతరులనుండి సభ్యత్వం బదిలీ చేయించుకొనేటప్పుడు వెలకంటె ముందు రంగును, మిగిలిన యేండ్లను అడగడం అందుకే అవసరం.

కొన్నదానిని వదిలించుకొనే దారి కూడా కొనేనాడే తెలుసుకోవాలి. అమెరికాలో ఎన్నో దస్తావేజులకు కాలపరిమితి లేదు. యజమాని గతించినా రుసుము బిల్లు మాత్రం ఇంటికి వస్తూనే వుంటుంది. వారసులు వద్దనుకొంటే చట్టప్రకారం నిరాకరించవచ్చును గాని, ఆ సంగతి తెలియక తండ్రి బాకీ అనుకొని కడుతూ పోయే పిల్లలు వున్నారు. అమ్మిపెడతామని ముందుగా సొమ్ము గుంజే వంచకులను గూర్చి 2024లో అమెరికా ఆర్థికశాఖ, ఎఫ్.బి.ఐ. కలిసి ప్రజలను హెచ్చరించినవి. దానికంటె, బాకీ లేని యజమానుల నుండి దస్తావేజును తిరిగి తీసుకొనే ఏర్పాటు ఇటీవల కొన్ని రిసార్టులలో వచ్చినది. వారం కొనబోయేవాడు అటువంటి ఏర్పాటు వున్నదా అని ఆ రిసార్టు కార్యాలయాన్ని ఒక ఉత్తరం వ్రాసి అడగవచ్చును. జవాబు కూడా వ్రాతపూర్వకంగానే తెప్పించుకొని దస్తావేజుతోపాటు దాచుకోవాలి.