రోజూ లాక్కునేది కానుకెలా అవుతుంది?

పిల్లోడికి ఐదో ఏడు వస్తోందంటే ఏం కొనివ్వాలన్న ప్రశ్నకు మన ఊళ్లలో ఇప్పుడు జవాబు ముందే తయారుగా ఉంటోంది: ట్యాబు. ప్రొద్దుటూరులో తాత కొన్నా, కువైట్ నుంచి సెలవుకు వచ్చిన మామ తెచ్చినా, బెంగళూరులో ఉద్యోగం చేసే పిన్ని జమ్మలమడుగు చిరునామాకు ఆన్‌లైన్‌లో పంపినా అదే. ఆటబొమ్మయితే రెండు రోజుల్లో విరగ్గొడతాడు, బట్టలైతే ఆరు నెలల్లో పొట్టివైపోతాయి, ట్యాబైతే చదువుకు పనికొస్తుంది అన్నది అందరి మాట. ఆ తర్వాత చర్చంతా ఏ కంపెనీది, తెర ఎన్ని అంగుళాలు, స్టోరేజీ ఎంత, కింద పడితే పగలని కవరు దొరుకుతుందా అన్న వాటి చుట్టూ తిరుగుతుంది. గీటురాయి మీద గీసి చూడనిదే బంగారానికి రూపాయి తీయని ప్రొద్దుటూరులో కూడా, ట్యాబు దగ్గరికి వచ్చేసరికి ‘చదువు’ అన్న ఒక్క మాటను ఏ పరీక్షా లేకుండా ఒప్పేసుకుంటున్నారు. పరీక్ష పెడితే ఆ మాట నిలవదు. ట్యాబు బడికి పనిముట్టు కావచ్చు, ఇంటికి పనిముట్టు కావచ్చు, చిన్నపిల్లలకు మాత్రం కానుక కాలేదు. ఇచ్చింది పిల్లలదైపోతేనే దాన్ని కానుక అంటాం. ట్యాబును మాత్రం ఇచ్చిన పెద్దవాళ్లే రోజూ పిల్లల చేతిలోంచి తిరిగి తీసుకోవాలి.

ఈ నమ్మకానికి మన రాష్ట్రంలో సర్కారు ముద్ర కూడా పడింది. 2022 డిసెంబరు 21న, అప్పటి ముఖ్యమంత్రి, పులివెందుల శాసనసభ్యుడు వై.ఎస్. జగన్మోహన్ రెడ్డి పుట్టినరోజున, బాపట్ల జిల్లా యడ్లపల్లిలో ట్యాబుల పంపిణీ మొదలైంది. ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలకు, వారికి పాఠాలు చెప్పే టీచర్లకు కలిపి సుమారు 5.18 లక్షల ట్యాబులు ఇచ్చారు. 2023లో అదే తేదీన చింతపల్లిలో రెండో విడత మొదలై మరో 4.34 లక్షల మంది పిల్లలకు అందాయి. పథకం మీద రాజకీయ వాదాలు ఎటూ ఉన్నవే, వాటిని పక్కన పెట్టి ఏర్పాట్లు చూద్దాం. పుచ్చుకున్నవాళ్లు పదమూడేళ్ల పిల్లలు. అందులో నింపినవి సిలబస్‌కు తగ్గట్టు బైజూస్ తయారుచేసిన పాఠాలు. నెట్ లేకపోయినా నడిచేవి. టీచరు చేతిలోనూ అదే ట్యాబు ఉండేది. కానుక అనిపించుకునే అర్హత ఏ ట్యాబుకైనా ఉంటే దీనికే ఉండాలి. అయినా ఇచ్చిన ప్రభుత్వమే దానికి తాళం వేసి మరీ ఇచ్చింది. వేరే యాప్‌లు, సైట్లు తెరుచుకోకుండా, పిల్లలు ఏం చూస్తున్నారో తెలిసేలా అందులో సాఫ్ట్‌వేర్ పెట్టింది. ఆ తాళాలను తీయించుకుని ఆటలు, సినిమాలు చూస్తున్నారని వార్తలూ వచ్చాయి. మొదటి విడత ట్యాబుల మూడేళ్ల వారంటీ ఇంకా తీరకముందే, 2024 జూలైలో, పాఠాలిచ్చిన కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. పదమూడేళ్ల పిల్లల చేతికి ఇంత కట్టుదిట్టంగా ఇస్తేనే కథ ఇలా నడిచింది. ఐదేళ్ల పిల్లకు ఇంట్లో ఇచ్చే ట్యాబుకు సిలబసూ లేదు, టీచరూ లేదు. ఉన్నదల్లా వంటింట్లోంచి ‘ఇంక చాల్లే, కట్టెయ్’ అని కేకేసే అమ్మ.

యంత్రాన్ని చేతికిస్తే చదువు దానంతట అదే వస్తుందన్న ఆశ మనతో మొదలైంది కాదు. పెరూ దేశం ‘ఒక్కో పిల్లకు ఒక్కో ల్యాప్‌టాప్’ అన్న పథకం కింద పల్లె బడుల్లో లక్షల కొద్దీ యంత్రాలు పంచింది. 319 బడుల్లో జరిపిన అధ్యయనం 2012లో బయటికొచ్చింది. తర్కానికి సంబంధించిన కొన్ని పరీక్షల్లో పిల్లలు కాస్త మెరుగుపడ్డారు గానీ, లెక్కల్లో, భాషలో తేడా ఏమీ కనబడలేదు. మన దేశంలో గ్రామీణ పిల్లల చదువును కొలిచే ‘అసర్’ సర్వే లెక్కలు కూడా చూడండి. 2018లో స్మార్ట్‌ఫోను ఉన్న ఇళ్లు నూటికి 36 దాకా ఉంటే, 2022 నాటికి 75కు చేరాయి. అదే నాలుగేళ్లలో, రెండో తరగతి పాఠం చదవగలిగిన మూడో తరగతి పిల్లలు నూటికి 27 మంది నుంచి 20కి పడిపోయారు. ఫోన్లు పెరగడం వల్లే చదువు తగ్గిందని నేను అనను. తగ్గడానికి ప్రధాన కారణం కరోనాలో బడులు మూతపడటం. కానీ బడి లేని లోటును తెర తీర్చగలిగేదే అయితే, ఇళ్లలో తెరలు రెట్టింపైన ఆ కాలంలోనే తీర్చి చూపించి ఉండాలి. తీర్చలేకపోయింది.

పిల్లల వయసు తగ్గేకొద్దీ ఈ లోటు ఇంకా పెద్దదవుతుంది. ప్యాట్రీషియా కూల్ అనే అమెరికన్ శాస్త్రవేత్త బృందం 2003లో ప్రచురించిన ప్రయోగం ఒకటుంది. తొమ్మిది నెలల అమెరికన్ పసిపిల్లలకు చైనా భాష మాట్లాడే మనిషి ఎదురుగా కూర్చుని పుస్తకాలు చదివి, ఆడించారు. ఇంకొందరికి అదే మనిషిని, అవే మాటలను వీడియోలో చూపించారు. ఎదుట మనిషి ఉన్న పిల్లలు ఆ భాష ధ్వనుల్లో తేడాలు పట్టుకోగలిగారు, వీడియో చూసినవాళ్లకు ఏమీ అంటలేదు. ఎందుకలా జరుగుతుందో తెలియడానికి ప్రయోగశాల దాకా పోనక్కర్లేదు, పులివెందుల పక్క పల్లెలో చీనీతోట ఉన్న ఏ ఇంటిని ఊహించుకున్నా చాలు. నాలుగేళ్ల పాప ట్యాబు మీద నారింజ బొమ్మలు లెక్కపెడుతుంది. సరిగ్గా తాకితే చప్పట్లు మోగుతాయి, తప్పు తాకితే ‘ట్రై అగైన్’ అంటుంది. అదే పాప వసారాలో జేజి పక్కన కూర్చుని గంపలో చీనీకాయలు ఏరుతుంటే, ఇది పచ్చగా ఉందేం, దీని మీద ఈ మచ్చేంది, ఇందులో ఎన్ని తొనలుంటాయి అని ఊపిరాడకుండా అడుగుతుంది. జేజి సగం ప్రశ్నలకు జవాబు చెబుతుంది, మిగతా సగానికి విసుక్కుంటుంది. పాప ఇంకోలా అడుగుతుంది. లెక్క రెండుచోట్లా నేర్చుకుంది. కాకపోతే యాప్‌లో ప్రశ్నలన్నీ యంత్రానివి, గంప దగ్గర ప్రశ్నలన్నీ పాపవి. ఆ వయసులో చదువంటే ముఖ్యంగా ప్రశ్న తనదై ఉండటమే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ సైతం 2019లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఏడాదిలోపు పసివాళ్లకు తెరే వద్దంది, రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకు రోజుకు గంట దాటకూడదు, ఎంత తక్కువైతే అంత మేలు అంది. మన పిల్లల వైద్యుల సంఘం ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ కూడా రెండేళ్లలోపు వద్దని, ఐదేళ్ల లోపు పెద్దల కనుసన్నల్లో గంటకు మించొద్దని చెప్పింది. ఇక కళ్ల మాట. చైనాలోని గ్వాంగ్‌జౌలో ఒకటో తరగతి పిల్లలకు రోజూ అదనంగా 40 నిమిషాలు ఆరుబయట గడిపే ఏర్పాటు చేశారు. మూడేళ్లలో వాళ్లలో నూటికి 30 మందికి దూరపు చూపు తగ్గితే, ఆ ఏర్పాటు లేని బడుల్లో 39 మందికి తగ్గింది. ఎండకు కొదవలేని కడప జిల్లాలో ఆ నలభై నిమిషాలకు పైసా ఖర్చు లేదు. అయితే పిల్లల గుప్పిట్లో ట్యాబు ఉంటే ఆ నలభై నిమిషాలు ఎక్కడి నుంచి తేవాలి?

ఎదుటివాళ్ల దగ్గరున్న గట్టి వాదనను దాచిపెట్టి గెలవడం న్యాయం కాదు. ట్యాబుతో పిల్లలు నిజంగా నేర్చుకున్న సందర్భాలు ఉన్నాయి. బడి ముఖం చూడని పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు నేర్పే సాఫ్ట్‌వేర్‌కు పెట్టిన ‘గ్లోబల్ లెర్నింగ్ ఎక్స్‌ప్రైజ్’ పోటీని టాంజానియా పల్లెల్లో నడిపారు. 2019లో బహుమతి పంచుకున్న రెండు సంస్థల ట్యాబులతో పిల్లలు చదవడం మొదలుపెట్టారు. ఢిల్లీలో ‘మైండ్‌స్పార్క్’ అనే కార్యక్రమం మీద ముగ్గురు ఆర్థికవేత్తలు జరిపిన అధ్యయనంలోనూ హైస్కూలు వయసు పిల్లలు లెక్కల్లో, హిందీలో స్పష్టంగా ముందుకెళ్లారు. ఈ విజయాలను తక్కువ చేయను. అవి ఏ షరతుల మీద వచ్చాయో మాత్రం చూడాలి. టాంజానియాలో పిల్లలకు దక్కింది వాళ్ల స్వాహిలీ భాషలో, అక్షరం నేర్పడానికే కట్టిన ఒక్క సాఫ్ట్‌వేర్. అక్కడ దానికి పోటీగా బడి లేదు. ఢిల్లీలో యంత్రాలు పిల్లల ఇళ్లకు వెళ్లలేదు. పిల్లలే బడి అయ్యాక ఆ కేంద్రానికి వచ్చి, సహాయకుల పర్యవేక్షణలో గంటన్నర కూర్చుని వెళ్లారు. రెండుచోట్లా పని చేసింది కార్యక్రమం, ట్యాబు దానికి పలక. మనం పుట్టినరోజుకు కొనేటప్పుడు ఆ కార్యక్రమాన్ని అంగట్లోనే వదిలేసి పలకను మాత్రం ఇంటికి తెచ్చుకుంటున్నాం. ఆ పలక మీదికి మొదట వచ్చేది యూట్యూబు, ఒక వీడియో అయిపోగానే అడగకుండానే మొదలయ్యే ఇంకో వీడియో.

రెండో వాదన మన ప్రాంతానిది: పట్నం పిల్లలు చిన్నప్పటి నుంచీ తెరల మీద ఆరితేరుతుంటే, మన పిల్లలు వెనకబడరా? ఈ భయం వెనక నిజమైన అవమానాల చరిత్ర ఉంది, దాన్ని తీసిపారేయలేం. కానీ దీనికి జవాబు కడప జిల్లాలోనే, వేంపల్లె మండలం ఇడుపులపాయలో ఉంది. 2008లో పెట్టిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయంలోకి పదో తరగతి మార్కులతో పిల్లలను తీసుకుంటారు. ఎక్కువమంది పల్లెల నుంచి, ప్రభుత్వ బడుల నుంచి వచ్చినవాళ్లే. క్యాంపస్‌లో అడుగు పెట్టాకే చాలామంది చేతికి మొదటి ల్యాప్‌టాప్ వచ్చింది. వాళ్లకు కంప్యూటరు పట్టుబడటానికి నెలలు చాలాయి. అందుకు ముందు పదేళ్లు పట్టినవి చదవడం, లెక్క కట్టడం, ఒక చోట కుదురుగా కూర్చుని చిక్కుముడి విప్పడం. తెర మీద వేలు జరపడాన్ని పదిహేనేళ్లప్పుడు ఒక వారంలో నేర్చుకోవచ్చు. కుదురును ఆ వయసులో అంత సులువుగా తెచ్చుకోలేరు. పోటీ భయం ఉన్నవాళ్లు ముందుగా కాపాడుకోవాల్సింది ఆ కుదురునే.

మూడో వాదన ఎవరూ పైకి చెప్పరు గానీ అన్నిటికంటే నిజాయితీ గలది. అమ్మకు వంట ఉంది, మగ్గమో, అంగడో, ఆఫీసో ఉంది. ఉమ్మడి కుటుంబం లేదు. పిల్ల గంటసేపు మెదలకుండా కూర్చుంటే చాలు. ఈ అవసరాన్ని తప్పు పట్టే హక్కు, ఆ గంటసేపు పిల్లను ఎత్తుకోని ఏ మగవాడికీ లేదు. కానీ అవసరం పెద్దలదని ఒప్పుకుంటే పరిష్కారం కూడా పెద్దల వస్తువుగానే ఉండాలి. హాల్లో టీవీ పెట్టి అరగంట బొమ్మల సినిమా వేస్తే అందరికీ కనబడుతుంది, వినబడుతుంది, ఆపేస్తే అయిపోతుంది. ట్యాబు దుప్పట్లోకి వెళ్తుంది. ‘నాదే’ అన్న హక్కుతో వెళ్తుంది. పైగా ఏడుపు ఆపడానికి తెరను అలవాటు చేస్తే దానికి వేరే మూల్యం ఉంది. మూడు నుంచి ఐదేళ్ల పిల్లలున్న 422 కుటుంబాలను గమనించిన అమెరికన్ అధ్యయనంలో, శాంతింపజేయడానికి తరచూ ఫోనో ట్యాబో ఇచ్చే ఇళ్లలో, ముఖ్యంగా మగపిల్లల్లో, తర్వాతి నెలల్లో ఆవేశం, చిరాకు ఎక్కువగా కనిపించాయి. చిరాకు పిల్లలకే పెద్దలు తెర ఎక్కువిస్తారేమో అన్న అనుమానం కూడా సరైనదే. ఎటు నుంచి చూసినా ఊరుకోబెట్టే పని మాత్రం మరుసటి రోజుకు ఇంకా కష్టమవుతుంది.

మళ్లీ యాజమాన్యం దగ్గరికే వస్తాం. గంటకు మించొద్దని వైద్యులన్నారు కాబట్టి, మంచి తల్లిదండ్రులు చేయాల్సింది రోజూ గంట కాగానే ట్యాబు లాక్కోవడం. అంటే కానుక ఎంత ఖరీదైనదైతే, ఇంట్లో రోజూ అంత పెద్ద గొడవ. మీ సొంత వస్తువును మీ పెద్దలు రోజూ గుంజుకుంటే ఎలా ఉంటుందో పిల్లలకూ అలాగే ఉంటుంది. వాళ్లు మొండితనం చేస్తున్నారని మనం అనుకుంటాం, వాళ్ల లెక్కలో అది అన్యాయం. కథల పుస్తకాన్ని, రంగుల పెట్టెను, బంతిని, పలకను పిల్లల చేతిలోంచి ఎవరూ గుంజుకోనక్కర్లేదు. ఒక ట్యాబు డబ్బుతో ‘మంచి పుస్తకం’, నేషనల్ బుక్ ట్రస్ట్ వంటి సంస్థలు వేసే తెలుగు పిల్లల పుస్తకాలు ఒక అర నిండా వస్తాయి. చదివేసినవాటిని ఊళ్లోని శాఖా గ్రంథాలయానికి ఇస్తే ఇంకో పిల్లకు అందుతాయి.

ఇప్పటికే కొనేసినవాళ్లు ట్యాబును పారేయనక్కర్లేదు, యజమానిని మారిస్తే చాలు. ‘పాప ట్యాబు’ అనడం మానేసి ఇంటి ట్యాబు చేయండి. పాస్‌వర్డు పెద్దలది, ఛార్జరు హాల్లో, వాడకం పెద్దల పక్కన కూర్చుని. కువైట్‌లో ఉన్న నాన్నతో వీడియోలో మాట్లాడటానికి, పాప అడిగిన ప్రశ్నకు జవాబు కలిసి వెతకడానికి అంతకంటే మంచి పనిముట్టు లేదు. తాతలు, మామలు, పిన్నులు ఆ ఇంటికి ట్యాబే ఇవ్వాలనుకుంటే అడ్డు చెప్పను. కాకపోతే దాన్ని పాప పుట్టినరోజున కాకుండా, పాప తల్లిదండ్రుల పెళ్లిరోజున ఇవ్వమంటాను.